వైద్య విద్యార్థి నడత బాగాలేకపోతే ఎవరికి చెప్పాలి?

వార్డులో తెల్లకోటు వేసుకొని మీ మంచం దగ్గరకు వచ్చేవారందరూ డాక్టర్లు కారు. వారిలో కొందరు ఇంకా చదువుకుంటున్నవారు. నాలుగున్నర సంవత్సరాల ఎం.బి.బి.ఎస్. చదువు, దాని తరువాత ఒక సంవత్సరం హౌస్ సర్జన్ శిక్షణ పూర్తి అయితేనే వారికి డాక్టరుగా పూర్తి రిజిస్ట్రేషన్ వస్తుంది. ఈలోగా వారు నేర్చుకోవలసింది రోగుల దగ్గరే. పుస్తకంలో ఎంత చదివినా కడుపు నొక్కి చూడడం, గుండె చప్పుడు వినడం మంచం పక్కన నిలబడితేనే వస్తుంది. నలుగురికి చెప్పిన కథనే ఐదోవారు వచ్చి అడిగినా మీలో చాలామంది విసుక్కోకుండా చెబుతున్నారు. అందుకు మేము కృతజ్ఞులం.

ఈ వ్యాసం ఆ విద్యార్థుల తెలివితేటల గురించి కాదు, వారి నడత గురించి.

రోగుల బంధువులు కొన్నిసార్లు తాము చూసిన విషయాన్ని డిశ్చార్జి రోజున, అదీ గుమ్మం దాటబోతూ మాతో చెబుతుంటారు. "రాత్రి వచ్చిన బాబు బీపీ చూడలేదండీ. చేతికి పట్టీ కూడా చుట్టలేదు. కాగితం మీద అంకె వేసి వెళ్లిపోయాడు" అంటారు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "పోనీలెండి, చిన్నపిల్లవాడు. మేము చెబితే అతని చదువు పాడవుతుందేమోనని ఊరుకున్నాం" అని జవాబు. సంఘ కుటుంబాలలో మెడిసిన్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు మరో విధంగా అంటారు. "ఎవడేం చేస్తే నీకెందుకురా, నీ చదువు నువ్వు చూసుకో" అని పిల్లలకు బుద్ధి చెప్పి పంపుతారు. రెండు మాటల్లోనూ ప్రేమ ఉంది. కాని ఆ ప్రేమలో ఒకరిని మరచిపోతున్నాం. ఆ రాత్రి రోగికి బీపీ నిజంగా పడిపోయి ఉంటే, ఉదయం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారు కేస్ షీటులో ఉన్న ఆ అబద్ధపు అంకెను నమ్మే మందు రాస్తారు.

స్ప్రింగ్‌ఫీల్డ్ నుండి మ్నేనే దాకా

ఇది కోర్టులలో రుజువైన కేసు. మనలాంటి ఒక మిషన్ ఆసుపత్రి దాకా వచ్చిన కేసు కాబట్టి కాస్త వివరంగా చెబుతున్నాం.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సదరన్ ఇలినాయ్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల ఉంది. 1980ల ఆరంభంలో అక్కడ మైకేల్ స్వాంగో అనే విద్యార్థి చదివేవాడు. చదువు కన్నా అంబులెన్సు పని మీద అతనికి మక్కువ ఎక్కువ. రోగిని సరిగా చూడకుండానే హడావిడిగా కేసు రాసేస్తున్నాడని తోటి విద్యార్థులు గమనించారు. ఇతడు డాక్టరు పనికి తగడేమోనని కొందరు విద్యార్థులు, అధ్యాపకులు ముందుగానే ఆందోళన తెలిపారు. చివరకు ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో అతడు చేయని పరీక్షలను చేసినట్లు రాశాడని బయటపడింది. కాలేజీ నుండి తొలగించే విషయం కమిటీ ముందుకు వచ్చింది. అప్పటి నియమం ప్రకారం తొలగించాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు మాత్రం మరొక అవకాశం ఇద్దామన్నారు. దానితో తొలగింపు ఆగిపోయింది. కొన్ని విభాగాలలో మళ్లీ పని చేయించి, తన బ్యాచ్ కన్నా ఒక ఏడాది ఆలస్యంగా 1983లో పట్టా ఇచ్చారు.

కాలేజీ డీన్ ఇచ్చిన లేఖలో మంచి అభిప్రాయం లేకపోయినా, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి అతనిని ఇంటర్న్‌గా తీసుకుంది. అక్కడ అతడు డ్యూటీలో ఉన్నప్పుడు బాగా కోలుకుంటున్న రోగులు అనుకోకుండా చనిపోతున్నారని నర్సులు కనిపెట్టారు. పైవారికి చెప్పారు. నర్సులు లేనిపోనివి ఊహించుకుంటున్నారని పైవారు అనుకున్నారు. 1984లో పైపైన విచారణ జరిపి తప్పేమీ లేదన్నారు. ఆ తరువాత శిక్షణ కొనసాగించకుండా పంపివేశారు గాని, మిగతా ఆసుపత్రులను హెచ్చరించవలసిన తీరులో హెచ్చరించలేదు. అతడు సొంత ఊరు చేరి అంబులెన్సులో పనికి కుదిరి, తోటి ఉద్యోగులకు ఆహారంలో ఆర్సెనిక్ విషం కలిపాడు. 1985లో జైలు శిక్ష పడింది.

అంతటితో అయిపోయిందనుకుంటాం. జైలు నుండి వచ్చాక దొంగ కాగితాలు సృష్టించి, తన శిక్ష ఏదో చిన్న కొట్లాటకు పడిందని నమ్మించి, 1992లో దక్షిణ డకోటాలో, 1993లో న్యూయార్క్ రాష్ట్రంలో మళ్లీ డాక్టరు ఉద్యోగాలు సంపాదించాడు. అక్కడి నుండి వెళ్లగొట్టాక 1994 నవంబరులో ఆఫ్రికాలోని జింబాబ్వేకు చేరాడు. అతనికి పని ఇచ్చినది మ్నేనే లూథరన్ మిషన్ ఆసుపత్రి. మారుమూల ప్రాంతం, డాక్టర్ల కొరత. అమెరికా నుండి ఒక డాక్టరు తానుగా వస్తానంటే ఎవరు వద్దంటారు? మిషన్ ఆసుపత్రులు నడిపేవారికి ఆ సంతోషం ఎలాంటిదో తెలుసు. అక్కడా రోగులు అంతుచిక్కకుండా మరణించసాగారు. అక్కడివారు అనుమానించి పోలీసులకు చెప్పారు. 1997 జూన్‌లో అమెరికాలో విమానాశ్రయంలో అతడు పట్టుబడ్డాడు. న్యూయార్క్ రాష్ట్రంలో ముగ్గురు రోగులను చంపానని 2000 సెప్టెంబరులో ఒప్పుకున్నాడు. ఒహాయోలో 1984లో ఒక రోగిని చంపినట్లు కూడా అదే ఏడాది ఒప్పుకున్నాడు. పెరోలు లేని యావజ్జీవ శిక్ష పడింది.

ఇందులో మేము గమనించమని కోరేది ఒక్కటే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తోటి విద్యార్థులు చెప్పారు. ఒహాయోలో నర్సులు చెప్పారు. చూసినవారు నోరు మూసుకోలేదు. విన్నవారు ఆ మాటను పూర్తిగా తేల్చలేదు, తరువాతి ఆసుపత్రి గట్టిగా పట్టించుకొనేలా అందించలేదు. ఒక అవకాశం ఇద్దామన్న ఆ కమిటీ సభ్యుని మనసు చెడ్డదని మేము అనము. అవకాశం ఇచ్చినప్పుడు దగ్గరుండి చూసుకొనే మనిషి కూడా ఉండాలి.

భయపడవద్దు, కాని తేలికగా తీసుకోవద్దు

స్వాంగో వంటివారు లక్షల్లో ఒకరు. బీపీ అంకె ఊరికే వేసిన ప్రతి పిల్లవాడూ హంతకుడు కాడు. మరి మామూలు విద్యార్థుల సంగతి ఏమిటి? కాలేజీలో కనిపించిన చిన్న చిన్న లోపాలకు తరువాతి జీవితంతో సంబంధం ఉంటుందా? దీనిని కాలిఫోర్నియాకు చెందిన డాక్టర్ మాక్సిన్ పపడాకిస్, ఆమె సహచరులు పరిశీలించారు. ఆ అధ్యయనం 2005 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

అమెరికాలో మూడు వైద్య కళాశాలలలో చదివి, 1990కి 2003కి మధ్య మెడికల్ బోర్డుల చేత శిక్ష పొందిన 235 మంది డాక్టర్లను తీసుకున్నారు. అవే కాలేజీలలో అదే కాలంలో చదివి ఏ శిక్షా లేని 469 మందిని పోలికకు పెట్టుకున్నారు. అందరి పాత కాలేజీ ఫైళ్లూ తిరగేశారు. శిక్ష పడినవారిలో 100కి సుమారు 39 మందికి విద్యార్థి దశలోనే నడత గురించి రిమార్కు ఉంది. శిక్ష లేనివారిలో 100కి సుమారు 19 మందికి ఉంది. లెక్క కట్టి చూస్తే అటువంటి రిమార్కు ఉన్నవారికి ముందు ముందు బోర్డు శిక్ష పడే అవకాశం సుమారు 3 రెట్లు ఎక్కువ అని తేలింది. అన్నిటికన్నా బలంగా కనిపించినది తీవ్రమైన బాధ్యతారాహిత్యం. చెప్పిన పనికి రాకపోవడం, రోగిని చూడవలసిన వేళకు కనిపించకపోవడం వంటివి. అక్కడ ఆ అవకాశం 8 రెట్లు దాటింది. తప్పు చూపించినా ఒప్పుకోని, దిద్దుకోని స్వభావం తీవ్రంగా ఉన్నవారికి కూడా సుమారు 3 రెట్లు. మార్కులు తక్కువ రావడానికీ కొంత సంబంధం కనిపించింది గాని, నడతకు ఉన్నంత లేదు. ర్యాంకు కోసం పిల్లలను రాత్రింబవళ్లు చదివించే తల్లిదండ్రులు ఈ మాటను ఒకసారి మళ్లీ చదవాలని మా మనవి.

ఆ అంకెలనే తిప్పి చూడండి. శిక్ష లేకుండా మంచి పేరుతో పనిచేస్తున్నవారిలో కూడా 100కి 19 మందికి విద్యార్థి దశలో ఒక రిమార్కు ఉంది. అంటే ఒక ఫిర్యాదుతో ఎవరి జీవితమూ ముగిసిపోలేదు. "చెబితే చదువు పాడవుతుంది" అనే భయానికి ఇంతకన్నా మంచి జవాబు మాకు తెలియదు.

ఏది చెప్పాలి, ఏది చెప్పనక్కరలేదు

నరం దొరకక సూది రెండుసార్లు గుచ్చడం తప్పు నడత కాదు. తడబడుతూ మాట్లాడడం, ఒకటే ప్రశ్న మళ్లీ అడగడం, "నాకు తెలియదమ్మా, మా సార్‌ను అడిగి చెబుతాను" అనడం కూడా కాదు. చివరిది నిజానికి మంచి లక్షణం. తెలియనిది తెలియదని చెప్పే విద్యార్థిని మెచ్చుకోండి, ముఖం చిట్లించకండి.

చేయని పరీక్ష చేసినట్లు రాయడం, పక్క మంచం కేస్ షీటు చూసి నకలు కొట్టడం, డ్యూటీ వదిలి వెళ్లి స్నేహితునితో సంతకం పెట్టించడం చెప్పవలసినవి. రోగి ఫోటో గానీ, ఎక్స్‌రే మీద పేరు కనిపించేలా గానీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఆపరేషన్ గదిలో సరదా వీడియోలు తీయడం కూడా. ఆయాలను, వార్డు బాయ్‌లను "ఏయ్" అని పిలిచి తిట్టడం, రోగి బీదవాడని, చదువు లేదని, కులం పేరు చెప్పి ఎగతాళి చేయడం. మద్యం వాసనతో వార్డుకు రావడం. స్త్రీలను పరీక్షించేటప్పుడు అడగకుండా, తోడుగా ఆడమనిషి లేకుండా ముట్టుకోవడం. ఇది మాత్రం మరుసటి రోజుకు ఆగవలసింది కాదు, ఆ క్షణమే సిస్టరును పిలవండి. విద్యార్థి నేర్చుకోవడానికి పరీక్షిస్తానంటే వద్దనే హక్కు రోగికి ఉంది. వద్దన్నందుకు వైద్యం తగ్గించకూడదు.

లిఫ్టులోనో క్యాంటీనులోనో రోగుల సంగతులు గట్టిగా మాట్లాడుకోవడం చాలామంది చిన్న విషయం అనుకుంటారు. ఆ లిఫ్టులో ఆ రోగి అక్కగారు ఉండవచ్చు.

ముందుగా మాట, తరువాత కాగితం

చెప్పడం అంటే వెంటనే ప్రిన్సిపాల్ గది తలుపు తట్టడం అని అనుకుంటారు. అది చివరి మెట్టు. అమెరికాలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదటి మెట్టును కాఫీ కప్పు సంభాషణ అంటారు. తోటివారు ఒకరు పక్కకు కూర్చోబెట్టి, "ఇలా జరిగిందని విన్నాను, నీ తరపున ఏమి జరిగింది?" అని అడుగుతారు. కేకలు ఉండవు, తీర్పు ఉండదు. చాలామంది అక్కడే సర్దుకుంటారు. మళ్లీ మళ్లీ జరిగితేనే పై మెట్టు. మన కాలేజీలలో కాఫీ బదులు క్యాంటీను టీ అనుకోండి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 1990ల మధ్య నుండి దీనికి ఒక ఫారం పెట్టింది. బాధ్యత నిర్వహించకపోవడం, దిద్దుకోవడానికి ప్రయత్నించకపోవడం, రోగులతోను కుటుంబాలతోను సరిగా ఉండకపోవడం, తోటి సిబ్బందితో సరిగా ఉండకపోవడం అని అందులో నాలుగు భాగాలు. అధ్యాపకుడు ఆ ఫారం నింపి విద్యార్థికి చూపించి మాట్లాడాలి. విద్యార్థి తన జవాబు కూడా రాయవచ్చు. ఆ తరువాత డీన్ కార్యాలయం అతనికి సాయపడే ఏర్పాటు చేస్తుంది. వార్డులలో పనిచేసే సంవత్సరాలలో రెండో ఫారం కూడా వస్తే, ఆ సంగతి తరువాతి శిక్షణకు పంపే డీన్ లేఖలో చేరుతుంది. మాకు ఇది న్యాయంగా తోస్తుంది. వీపు వెనుక మాట లేదు. ఒక్క తప్పుతో ముద్ర వేయడం లేదు. అలాగని మరచిపోవడమూ లేదు.

డ్యూటీకి రాని విద్యార్థి సోమరి అయి ఉండకపోవచ్చు. నిద్ర పట్టక, దిగులుతో, ఇంటి కష్టంతో కుంగిపోయి గదిలో తలుపు వేసుకొని ఉండవచ్చు. ఎవరూ చెప్పకపోతే అది ఎవరికీ తెలియదు. అటువంటివారికి ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మన దేశంలో నియమాలు

డాక్టర్లకు సంబంధించి 2002లో భారత వైద్య మండలి నడవడి నియమాలు చేసింది. తోటి వైద్యులలో అసమర్థత, అవినీతి, మోసం, అనైతికత కనిపిస్తే భయపడకుండా, పక్షపాతం చూపకుండా బయటపెట్టడం వైద్యుని విధి అని వాటిలో ఉంది. అంటే మన దగ్గర తోటివాని తప్పు చెప్పడం చాడీ కాదు, విధి. 2020 సెప్టెంబరులో ఆ మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2023 ఆగస్టులో కొత్త నియమాలు ప్రకటించి అదే నెలలో నిలిపివేసి, 2002 నియమాలనే పాటించమన్నారు. 2019 బ్యాచ్ నుండి ఎం.బి.బి.ఎస్.లో నడవడి, నీతి, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠ్యాంశం అయ్యాయి.

రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరు మీద ఫిర్యాదు అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లాలి. విద్యార్థి విషయం అయితే అతని కాలేజీయే చూడాలి. ముందు వార్డు సిస్టరుకు గానీ యూనిట్ డాక్టరుకు గానీ చెప్పండి. అక్కడ తేలకపోతే ఆసుపత్రి సూపరింటెండెంటుకు, కాలేజీ ప్రిన్సిపాల్‌కు రాయండి. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం ఏర్పడిన అంతర్గత కమిటీకి వెళ్లవచ్చు. ఈ చట్టం ఉద్యోగినులకే కాదు, ఆసుపత్రికి వచ్చిన స్త్రీలకూ వర్తిస్తుంది. మూడు నెలలలోపు రాయాలి. ర్యాగింగ్ అయితే 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన నిషేధ చట్టం ఉంది, జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. జూనియర్లను హింసించి ఆనందించేవాడు రేపు రోగి దగ్గర దయగా ఉంటాడని మేము నమ్మలేము.

ఎలా రాయాలి

"ఆ అబ్బాయి పొగరుబోతు, పనికిరాడు" అని రాస్తే చదివినవారు ఏమీ చేయలేరు. "మంగళవారం రాత్రి సుమారు 11 గంటలకు ఆడవారి వార్డు 6వ మంచం దగ్గరకు వచ్చిన విద్యార్థి మా అమ్మకు బీపీ చూడలేదు. కేస్ షీటులో 120/80 అని రాశారు. నేను పక్కనే ఉన్నాను" అని రాస్తే చాలు. తేదీ, వేళ, చోటు, కళ్లతో చూసినది, చెవులతో విన్నది. ఇతరులు చెప్పగా విన్నదైతే అలాగే రాయండి. అతని మనసులో ఏముందో మనం రాయనక్కరలేదు, అతని కులం, ఊరు అసలే అక్కరలేదు. బిల్లు ఎక్కువ వచ్చిందన్న కోపంతో విద్యార్థి మీద రాయకండి. అటువంటి కాగితాలూ మేము చూశాము. అవి నిజమైన ఫిర్యాదుల విలువ తగ్గిస్తాయి. పేరు లేని ఉత్తరం కన్నా పేరు పెట్టి, గోప్యంగా ఉంచమని కోరిన ఉత్తరానికి బలం ఎక్కువ.

పిల్లలు మెడిసిన్ చదువుతున్న ఇళ్లలో

సెలవులకు వచ్చిన కొడుకు భోజనం దగ్గర, "అమ్మా, నా రూమ్మేటు రోగులను చూడకుండానే రాసేస్తున్నాడు. నేను చెబితే వాడి సంవత్సరం పోతుంది, బ్యాచ్ అంతా నన్ను వెలివేస్తుంది" అంటే కంగారుపడి మాట మార్చకండి. ఆ భయం నిజమైనదే. ముందు నువ్వే అతనితో ఒంటరిగా మాట్లాడు నాయనా అనండి. ఆ మాటతో మారకపోతే నమ్మకమైన అధ్యాపకుని దగ్గరకు వెళ్లమనండి. వీలైతే చూసిన మరొక స్నేహితునితో కలిసి వెళ్లమనండి. ఒక్కడిగా మోయవలసిన భారం కాదిది.

ఫిర్యాదు మీ బిడ్డ మీదే వస్తే? చాలామంది నాన్నగార్లు చేసే మొదటి పని తెలిసిన పెద్దమనిషి చేత ఫోన్ చేయించడం. దయచేసి ఆ ఫోన్ చేయించకండి. ఆ అధ్యయనంలో తప్పు చూపినా దిద్దుకోని స్వభావం ఎంత ప్రమాదమో చూశాం. ఇంట్లోవారే ఆ తప్పును కప్పివేస్తే దిద్దుకోవడం ఎక్కడ మొదలవుతుంది? కాగితంలో ఏముందో బిడ్డతో కలిసి చదవండి. నిజం కానిది ఉంటే రాతపూర్వకంగా జవాబు ఇవ్వమనండి. నిజం ఉంటే ఆ రోగి ఇంకా వార్డులో ఉన్నారేమో కనుక్కొని, ముందు వెళ్లి ఆ బీపీ సరిగా చూసి, తాను వేసిన తప్పు అంకె సంగతి డ్యూటీ డాక్టరుకు చెప్పి రమ్మనండి.